చక్రానికి పెట్టిన బొట్టు

ఆయుధపూజ మర్నాడు బెంగళూరు బెళ్ళందూరులోని మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులోకి దిగితే నలిగిన నిమ్మకాయల వాసన, వాడిపోతున్న బంతిపూల వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. నిన్న పొద్దున కూడా తగిలాయి. కార్లకు, స్కూటర్లకు, చివరికి నీళ్ళ మోటారుకు కూడా కుంకుమ బొట్లు. పగిలిన బూడిద గుమ్మడికాయ ముక్కల మధ్య చూసుకుని అడుగులు వేస్తుంటే, ర్యాంపు మీద నుంచి దిగుతున్న సైకిలొకటి కీచుమని అరిచింది. పక్కనున్న సెక్యూరిటీ అతను చెవులు మూసుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అరుపు ఎందుకొస్తుందో నాకు తెలుసు. ముందు చక్రానికి నూనె తగిలింది. ఎలా తగిలిందో కూడా తెలుసు. ఇలాంటి అరుపు వినబడినప్పుడల్లా నాకు మునిరత్నం గుర్తుకొస్తాడు, ఆయనతో పాటు కోపమూ వస్తుంది. ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

మునిరత్నం నాకు పని నేర్పిన మనిషి. రెండు వేల ఏడో ఎనిమిదో అయివుంటుంది, రింగ్ రోడ్డు మీద అద్దాల సైకిల్ షోరూములు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఆఫీసులకు సైకిల్ మీద వెళ్ళాలనే సరదా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పట్టుకున్న రోజులు. నేను డిప్లొమా చదివి, ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి వచ్చి, మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉంటూ అలాంటి షోరూములో చేరాను. సైకిళ్ళు సర్వీసుకు తెచ్చేవాళ్ళతో మాట్లాడి, కార్డు రాసి, పని అయ్యాక సంతకం పెట్టి అప్పగించడం నా ఉద్యోగం. వెనకాల వర్క్‌షాపుకు పెద్ద మునిరత్నం. యాభై దాటిన మనిషి. తాత ముత్తాతల నాటి నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. మడివాళ మార్కెట్లో పాలవాళ్ళ సైకిళ్ళు, పేపరు వేసేవాళ్ళ సైకిళ్ళు బాగుచేసి చేసి, ఈ కొత్త రకం డిస్కు బ్రేకుల పని తనంతట తానే విప్పి చూసి నేర్చుకున్నాడు. ఆయన నోటికి షోరూము మొత్తం హడలిపోయేది.

మొదటి రోజే నాకు తిట్లు పడ్డాయి. చక్రం మధ్యలో చిల్లుల పళ్ళెంలా తళతళలాడుతున్న ఇనుప డిస్కును చూసి ముచ్చటేసి, వేలితో తిప్పాను.

"చెయ్యి తియ్యి. ఎవురమ్మా నువ్వు? దాన్నెందుకు ముట్టినావు?" అన్నాడు వెనకనుంచి.

"ఊరికే చూస్తున్నానండీ."

"కండ్లతో చూడు. నీ వేలికి ఉండే జిడ్డు చాలు దానికి. రేపు ఒకాయప్ప కిందపడి పండ్లు రాలగొట్టుకుంటే నువ్వు ఏరి ఇస్తావా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. స్పిరిటు సీసా, తెల్లగుడ్డ నా చేతిలో పెట్టి, ఆ డిస్కు తుడవమన్నాడు. తుడిచాను. మళ్ళీ తుడవమన్నాడు. గుడ్డ మీద మరక రానంతవరకు తుడిపించాడు. మా అమ్మ నర్సు. స్పిరిటు వాసన చిన్నప్పటి నుంచీ నాకు ఇంటి వాసనే. ఆ వాసన వల్లనో, అందరి ముందూ తిట్టినందుకు పౌరుషం వల్లనో, ఈ పని నేర్చుకుని తీరాలని ఆ రోజే పట్టుబట్టాను. భోజనానికి వదిలిన గంటలో వర్క్‌షాపులోకి వెళ్ళి నిలబడేదాన్ని. వారం రోజులు నన్ను చూడనట్టే ఉన్నాడు. ఎనిమిదో రోజున ఒక చక్రం నా ముందుకు తోశాడు.

డిస్కును రెండు వైపుల నుంచి నొక్కి పట్టేవి ప్యాడ్లు. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దవి, అంతే. మనిషి ప్రాణమంతా వాటి మీద ఉంటుంది. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. జిగురుతో కూర్చిన మెత్తటివి ఒక రకం, లోహపు పొడిని కాల్చి గట్టిపరిచినవి రెండో రకం. మెత్తటివి శబ్దం చెయ్యవు, మొదటి రోజు నుంచే హాయిగా పట్టుకుంటాయి. కానీ వానలో, బురదలో త్వరగా అరిగిపోతాయి, పొడుగాటి దిగుడులో బాగా వేడెక్కితే పట్టు సడలుతుంది. లోహపువి చలికి, తడికి కూస్తాయి. కానీ ఎంత వేడెక్కినా వదలవు. ఇదంతా ఇప్పుడు రెండు ముక్కల్లో రాసేశాను గానీ, ఆయన నాకు మాటల్లో చెప్పలేదు. ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే షోరూము వెనక ర్యాంపు మీద ఒకే సైకిలుకు ముందు ఒకటి, తరవాత ఇంకొకటి బిగించి, నన్ను ఎక్కించి ఇరవై ఇరవైసార్లు కిందికి దింపించాడు. తడిసి ముద్దయ్యాను. చెప్పులు అరిగాయి. చివరిసారి దిగాక అడిగాడు.

"ఏమి తెలిసినాది?"

"రెండోది అరుస్తోందన్నా. కానీ ఆగుతోంది."

"సద్దు వస్తా ఉండాదంటే అది ఏమో చెప్తా ఉండాదని. కొన్నిసార్లు చలి అంటాది. కొన్నిసార్లు నన్ను వంకరగా బిగించినారు అంటాది. కొన్నిసార్లు నేను పాడైపోయినా అంటాది. ముందు వినల్ల. సుమ్నె, ఊరికే నోరు మూయించేది కాదు రిపేరీ అంటే."

షోరూము మేనేజరు శ్రీనాథ్ గారికి మాత్రం రిపేరీ అంటే నోరు మూయించడమే. హైదరాబాదు మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన గొంతు. మునిరత్నం ఎంత పెద్దగా అరిచినా ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచేవాడు కాదు. ఆ మర్యాదను చూసి నేను గౌరవించాను. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు పటపటలాడతాయి.

సుధాకర్ గారనే ఒక కస్టమరు ఉండేవారు. భారీ మనిషి, ఆదివారాలు నంది కొండ ఎక్కి దిగేవారు, వానయినా మానేవారు కాదు. ఆయన బ్రేకులకు మునిరత్నం లోహపు ప్యాడ్లు వేశాడు. శబ్దం వస్తోందని ఆయన మూడుసార్లు వచ్చారు. "గేటులోకి వస్తుంటే అందరూ తిరిగి చూస్తున్నారండీ, సిగ్గుగా ఉంది," అన్నారు. మునిరత్నం ప్రతిసారీ విప్పి, డిస్కు తుడిచి, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి బిగించాడు. శబ్దం చాలావరకు తగ్గింది. తడిలో మాత్రం కొంచెం మిగిలింది. మెత్తటివి వేసి పంపెయ్యమన్నాడు శ్రీనాథ్.

"చూడండి సార్," అన్నాడు మునిరత్నం, మేనేజరుతో కాదు, సుధాకర్ గారితోనే. "మీరు బరువు ఉండారు. దిగేది కొండ. బ్రేకు మీ చెవికి కాదు, మీ ఇంట్లోవాళ్ళకి. మెత్తనివి నేను వెయ్యను. కావల్నంటే వేరే అంగడికి పోండి."

సుధాకర్ గారు నవ్వి, ఉండనివ్వండి అన్నారు. శ్రీనాథ్ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన మునిరత్నం ఎక్కడ దొరుకుతాడా అని కాచుకుని ఉన్నాడని నా అనుమానం.

ఆ ఏడాది ఆయుధపూజకు మునిరత్నం రాలేదు. ఏటా ఆ రోజు మడివాళలో తమ్ముడు నడిపే పాత దుకాణంలో పూజ చేసుకునేవాడు. ఇక్కడ షోరూములో సైకిళ్ళన్నీ కడిగి వరసగా నిలబెట్టారు, సర్వీసుకు వచ్చినవాటితో సహా. సుధాకర్ గారి సైకిలు కూడా ఉంది. చక్రం కొంచెం ఒంగితే సరిచేయించుకోవడానికి ఇచ్చారు. నేను ఒక మూల నిలబడ్డాను. మాది చర్చి కుటుంబం. పూజ జరుగుతుంటే ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. అకౌంట్స్ అమ్మాయి నా ఇబ్బంది కనిపెట్టి, "నువ్వు బొట్లు పెట్టు కరుణా, నీ చెయ్యి నీటుగా ఉంటుంది," అని కుంకుమ పళ్ళెం నా చేతికిచ్చింది. నన్ను కలుపుకున్నారని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పొడి కుంకుమ లోహం మీద నిలవడంలేదని, బల్ల మీదున్న కొబ్బరి నూనె సీసా తీసుకుని నాలుగు చుక్కలు నేనే కలిపాను. బొట్టు ఎక్కడ పెడితే అందంగా ఉంటుందని చూస్తే తళతళలాడే డిస్కు కనిపించింది. ఒక్కో డిస్కుకు సమానమైన దూరంలో నాలుగు బొట్లు. ఏ వేలితో దాన్ని ముట్టినందుకు మొదటి రోజు తిట్లు తిన్నానో ఆ వేలితోనే పెట్టాను. ఆ క్షణంలో అది నాకు బ్రేకుగా తోచనేలేదు. దేవుడికి పెట్టినట్టు పెట్టాను.

సెలవులయ్యాక షోరూము తెరిస్తే గోల మొదలైంది. మూడు రోజులపాటు ఏ సైకిలు కదిపినా ఒకటే అరుపు. చాలావాటికి డిస్కు తుడిచి కొత్త ప్యాడ్లు వేశారు. సుధాకర్ గారి సైకిలుకు సరిపడే రకం ప్యాడ్లు మాత్రం లేవు. రావడానికి వారం పడుతుంది. ఆయనకేమో ఆదివారం కొండకు కావాలి. మునిరత్నం ఆ ప్యాడ్లు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి నూనె తగిలినాది. లోపలికి తాగేసినాది. ఇంక పనికి రాదు."

"అది డ్రై కుంకుమ, రత్నం," అన్నాడు శ్రీనాథ్. "మీ మెటల్ ప్యాడ్స్ సౌండ్ మామూలే కదా. ఆయన మూడుసార్లు కంప్లైంట్ చేశాడు. లైట్‌గా సాండ్‌పేపర్ కొట్టి ఇచ్చెయ్యండి."

"నూనె వాసన వస్తా ఉండాది నాకు."

"వర్క్‌షాపంతా నూనేగా. మీ చేతిదే అయ్యుంటుంది."

మునిరత్నం ముఖం జేవురించింది. అందరి వైపూ తిరిగాడు. "బొట్లు పెట్టింది ఎవురు? కుంకుమలో నూనె కలిపినారా లేదా? అది ఒకటి చెప్పండి చాలు."

చెప్పాల్సింది ఒక్క మాట. నేను కార్డుల వైపు చూస్తూ ఊరుకున్నాను. అకౌంట్స్ అమ్మాయి నా వైపు చూసి, తనూ ఊరుకుంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చర్చికి వెళ్ళే పిల్ల కావాలనే పూజ పాడుచేసిందంటారేమోనని భయం. అన్నిటికన్నా ఆయన నోరంటే భయం. ఆయన అంత కోపిష్టి కాకపోయి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలా ఏళ్ళు నాకు నేను సాకు చెప్పుకున్నాను. అది పచ్చి అబద్ధం. ఆయన తిట్టి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది.

మునిరత్నం ఒక అట్టముక్క మీద 'బ్రేకు లేదు, ఎక్కొద్దు' అని తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, దారంతో హ్యాండిలుకు కట్టాడు. అత్తిబెలెలో ప్యాడ్లు పంపిణీ చేసేవాళ్ళ గోడౌను ఉందని, తానే పోయి తెస్తానని బస్సెక్కాడు. ఆయన వెళ్ళిన గంటకే సుధాకర్ గారు వచ్చారు. శ్రీనాథ్ నా దగ్గరకొచ్చి మెల్లగా, "కరుణా, నీకు పని వచ్చుగా, కాస్త చూడు," అన్నాడు. నాకు పని వచ్చునని ఆ షోరూములో ఎవరైనా అనడం అదే మొదటిసారి. పొంగిపోయాను. ప్యాడ్లు గరుకు కాగితం మీద రుద్దాను, డిస్కు తుడిచాను, బిగించాను, ర్యాంపు మీద రెండుసార్లు దిగి చూశాను. శబ్దం లేదు. కత్తెరతో దారం కత్తిరించి చీటీని సొరుగులో పడేశాను. 'బ్రేకులు సరిచేయబడినవి, శబ్దం లేదు' అని కార్డు మీద రాసి సంతకం పెట్టాను. సుధాకర్ గారు థాంక్స్ చెప్పి వెళ్ళారు.

మూడు గంటలకు మునిరత్నం చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీస్తూనే సైకిలు ఉండాల్సిన చోటు చూశాడు. ఫోను దగ్గరకు వెళ్ళి సుధాకర్ గారి నంబరు కోసం కార్డు తీస్తే కార్డు మీద నా సంతకం కనబడింది. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. అదే నాకు అన్నిటికన్నా భయమేసింది. ఫోను చేశాడు, ఎవరూ ఎత్తలేదు. మర్నాడు కూడా చేశాడు. వాళ్ళావిడ ఎత్తి, ఆయన ఊళ్ళో లేరని, చెబుతానని అన్నదట.

ఆదివారం కొండ దిగుతుంటే సుధాకర్ గారి సైకిలు మూడో మలుపు దగ్గర ఆగలేదు. లోపలికి తాగిన నూనె వేడికి పైకి వస్తుంది. చల్లటి ర్యాంపు మీద రెండుసార్లు దిగి చూస్తే అది తెలియదు. దవడ విరిగింది, కుడి భుజం విరిగింది. మంగళవారం షోరూము యజమాని వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. మునిరత్నం వేసిన ప్యాడ్ల మీద మొదటినుంచీ ఫిర్యాదులున్నాయని శ్రీనాథ్ మర్యాదగా చెప్పాడు.

"ఎక్కొద్దని చీటీ కట్టి పోయినా," అన్నాడు మునిరత్నం.

శ్రీనాథ్ నా వైపు తిరిగాడు. "సైకిల్ డెలివరీ చేసింది నువ్వే కదా. ఏదైనా చీటీ ఉందా?"

"నేను చూడలేదు సార్," అన్నాను.

చీటీ నా మోకాలికి తగులుతున్న సొరుగులోనే ఉంది. మునిరత్నం నన్నొకసారి చూశాడు. లేచి, తన పానాల పెట్టె తీసుకుని, ఆ చేత్తోనే షోరూము అద్దాల తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఉద్యోగం పోయింది. వచ్చే నెల నుంచి నా ఉద్యోగం ఖాయమని శ్రీనాథ్ సాయంత్రం చెప్పాడు. ఆ మాటకు నేను థాంక్స్ కూడా చెప్పాను.

పూజనాటి నుంచి లెక్కేస్తే పంతొమ్మిదో రోజున మడివాళ వెళ్ళాను. కూరగాయల బండ్ల మధ్య ఇరుకు దుకాణం. ఒక పాత కడ్డీ బ్రేకుల సైకిలును తలకిందులు చేసి మునిరత్నం పని చేసుకుంటున్నాడు. నిలబడే అంతా చెప్పాను. కుంకుమ, నూనె, చీటీ అన్నీ. ఆయన తల ఎత్తలేదు.

"నూనె నువ్వు కలిపినావని నాకు తెలుసు," అన్నాడు చివరికి. "బొట్లు ఒకటికొకటి సమానంగా ఉండె. ఆ షోరూములో అట్ల పెట్టేది నువ్వు ఒకదానివే. నేను నేర్పిన చెయ్యి నాకు తెలవదా?"

"తెలిస్తే ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు చెప్తావని చూసినా."

నాకు ఏడుపు వచ్చింది. దాంతో పాటు ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఆ రోజు నా పేరు చెప్పి ఉంటే సుధాకర్ గారు పడేవారు కాదు కదా అని గట్టిగానే అడిగాను. అప్పుడు ఆయన పానా కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"అవును. నాదీ తప్పే. ఆయప్ప ఇంటికి పోయి నా తప్పు నేను చెప్పి వచ్చినా. చీటీ కట్టి పోయినా గానీ సైకిలుకు బీగం వేసి పోలేదని. నువ్వెందుకు ఇక్కడికి వచ్చినావు? పడింది నేను గాదు. ఆ చక్రం మూడు దినాలు అరిచినాది కరుణమ్మా. నోరు ఉండేదానివి, నువ్వు అరవలేదు."

ఆ సాయంత్రమే సుధాకర్ గారి ఇంటికి వెళ్ళాను. దవడకు తీగలు కట్టి ఉన్నాయి, మాట్లాడలేరు. వాళ్ళావిడ తలుపు దగ్గరే నిలబడి విన్నది. "అప్పుడు మీకు తెలుసా?" అని మాత్రం అడిగింది. తెలుసన్నాను. సుధాకర్ గారు మంచం మీద నుంచి ఎడమ చేత్తో కాగితం మీద ఏదో రాసి చూపించారు. 'చీటీ నిజంగా ఉందా?' అని ఉంది. సొరుగులోంచి తెచ్చిన అట్టముక్క ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చదువుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు షోరూము యజమానికి కూడా చెప్పాను. నన్ను తీసేశారు. మునిరత్నాన్ని మళ్ళీ రమ్మని కబురుపెట్టారు. ఆయన వెళ్ళలేదు. శ్రీనాథ్‌కు ఏమీ కాలేదు, తరవాత ఇంకా పెద్ద షోరూముకు మేనేజరయ్యాడని విన్నాను.

మునిరత్నం నన్ను క్షమించానని ఏనాడూ అనలేదు. మరుసటి వారం మడివాళ వెళ్ళి నిలబడితే, పొమ్మనీ అనలేదు. స్పిరిటు సీసా, తెల్లగుడ్డ ఇచ్చాడు. రెండేళ్ళు అక్కడే పనిచేశాను. తిట్లలో ఏ మార్పూ లేదు. సర్జాపూర్ రోడ్డు వైపు నా సొంత దుకాణం తెరిచిన రోజున వచ్చి, గోడలు, బల్లలు, పానాలు అన్నీ పరీక్షగా చూసి, అత్తిబెలె నుంచి తెచ్చిన ఆ ప్యాడ్ల పొట్లం నా బల్ల మీద పెట్టాడు. "ఇవి ఎవురికీ వెయ్యొద్దు. నీ కండ్ల ముందర పెట్టుకో," అన్నాడు. ఆ మరుసటి ఏడు గుండెపోటుతో పోయాడు. పొట్లం ఇంకా విప్పలేదు. మా దుకాణానికి ఎవరైనా శబ్దం పోగొట్టమని వస్తే, ఎక్కడ తొక్కుతారు, ఎంత బరువుంటారు, వానలో వెళతారా అని అడిగి గానీ పానా పట్టుకోను. కొందరు విసుక్కుని వెళ్ళిపోతారు. పోనీ.

నిన్న ర్యాంపు మీద అరిచిన సైకిలు మా పై అంతస్తు వినోద్ గారిది. ఆపమని చెయ్యెత్తాను. ముందు డిస్కు మీద అరిగి ఎర్రగా చారలు కట్టిన మరకలు కనబడ్డాయి.

"శబ్దమే కదండీ, నాలుగు రోజుల్లో అదే పోతుంది," అన్నారాయన.

"దిగండి," అన్నాను. నా గొంతు విని సెక్యూరిటీ అతను ఇటు తిరిగాడు. "ఈ బొట్టు పెట్టింది ఎవరు? ఇందులో నూనె కలిపారా?"

వినోద్ గారు తెల్లబోయి చూశారు. వెనకాల స్కూటరు తీస్తున్న వాళ్ళావిడ వెంటనే, "నేనేనండీ. కుంకుమ నిలవడంలేదని కాస్త నూనె కలిపాను. ఏమైంది?" అంది.

అంతే. ఊపిరి పీల్చుకున్నంత తేలిగ్గా చెప్పేసింది. నాకు పంతొమ్మిది రోజులు, ఒక మనిషి దవడ, ఒక మనిషి ఉద్యోగం పట్టిన మాట. నిమ్మకాయ తొక్కల మధ్య నేల మీద కూర్చుని చక్రం విప్పాను.